తెరమీద కాలు వారిది, చప్పుడు మాది

సినిమాలో కథానాయిక మేడమెట్లు దిగి వస్తూ వుంటుంది. పట్టుచీర గరగరలాడుతుంది. చేతి గాజులు గలగలమంటాయి. కాలి అందెలు ఘల్లుమంటాయి. ముందు వరుసలో కూర్చున్న కుర్రవాడు ఆ ఘల్లుకే గుండె జారవిడుచుకొని, టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయనుకుంటాడు. ఆ చప్పుడు చేసినవాడు యాభై దాటి, బొజ్జా బట్టతలా వున్న నావంటి మనిషి అని పాపం ఆ కుర్రవాడికి ఎవరు చెబుతారు? చెప్పకపోవడమే మేలు. ఒకసారి మా బంధువుల పెళ్ళిలో నేనీ సంగతి బయటపెడితే, మగపెళ్ళివారి తాలూకు ఒకావిడ ఆ పూటంతా నావైపు అదోలా చూసింది.

నా వృత్తి అది. తెరమీద బొమ్మ నడిస్తే చీకటిగదిలో మైకు ముందు నేను నడుస్తాను. బొమ్మ గ్లాసు కింద పెడితే నేనూ పెడతాను. బొమ్మ తన్నులు తింటే మాత్రం నేను తినను, తడిపిన తువ్వాలు తింటుంది. ఇంగ్లీషువాళ్ళు ఈ పనిని ‘ఫోలీ’ అంటారు. మద్రాసులో నాకు పని నేర్పిన గురువుగారి తరంవాళ్ళు ‘ఎఫెక్ట్స్’ అనేవారు. మా నాన్న ‘ఆ చప్పుళ్ళ పని’ అంటాడు. ఆ మాట ఆయన నోట పొగడ్తగా రావడం నేను ఎన్నడూ వినలేదు.

మాది పల్నాడు. కారెంపూడికి కొద్ది దూరంలో వున్న పల్లె. ఇప్పుడు చెప్పబోయే కథలో సగం ఆ పల్లెలోనే జరిగింది. దానికి ముందు ఈ పని ఎందుకు వచ్చిందో నాలుగు మాటలు చెప్పాలి.

షూటింగులో మైకు పెడతారు కదా, అడుగుల చప్పుడు అందులో పడదా అని మీరు అడగవచ్చు. పడుతుంది. దానితోపాటు జనరేటరు రొద, దూరాన లారీ హారను, చూడవచ్చినవాళ్ళ గుసగుసలు కూడా పడతాయి. అదీగాక మైకు మాటలకోసం నోటివైపు తిరిగి వుంటుంది గాని కాళ్ళవైపు కాదు. తెరమీద రాతికోటలా కనిపించేది చెక్కా, ప్లాస్టరూ. మహారాజు దానిమీద నడిస్తే డొల్ల డబ్బా చప్పుడొస్తుంది. ఇంకో చిక్కు కూడా వుంది. తెలుగు సినిమాను అరవంలోకో, హిందీలోకో మార్చేటప్పుడు మాటలు తీసేస్తారు. మాటలతోపాటు అదే మైకులో పడిన అడుగులూ, తలుపు చప్పుళ్ళూ కూడా కొట్టుకుపోతాయి. అందుకని మాటలు వేరుగా, చప్పుళ్ళు వేరుగా వుంచుకోవాలి. ఇదివరకు ఈ పని పైపైన సాగిపోయేది. సినిమాలు నాలుగైదు భాషల్లో ఒకేసారి ఆడే రోజులు వచ్చాక మావంటివాళ్ళకు చేతినిండా పని దొరుకుతోంది.

ఫోలీ అన్నది ఒక మనిషి పేరు. జాక్ ఫోలీ 1891లో పుట్టాడు. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసేవాడు. 1927లో మాటల సినిమా వచ్చిపడేసరికి, మూగచిత్రాలు తీసి పెట్టుకున్న కంపెనీలకు గుండెలో రాయి పడింది. యూనివర్సల్‌వారు ‘షో బోట్’ అనే చిత్రం అప్పటికే మాటల్లేకుండా తీసుకున్నారు. దానికి చప్పుళ్ళు అతకాలి. వాద్యగాళ్ళు ఒకపక్క సంగీతం వాయిస్తుంటే, ఫోలీ మరికొందరితో కలిసి తెర చూస్తూ చప్పట్లూ, కేకలూ, అడుగులూ అందించాడు. ఆ బొమ్మ 1929లో విడుదలైంది. ఆ తరువాత ముప్ఫై యేళ్ళకు పైగా ఆయన ఆ పనిలోనే వున్నాడు. ‘స్పార్టకస్’ (1960)లో గొలుసులతో నడిచే బానిసల చప్పుడుకోసం మళ్ళీ ఐరోపాకు వెళ్ళాలని అనుకుంటూ వుంటే, ఫోలీ తన తాళంచెవుల గుత్తి తెచ్చి మైకు ముందు ఆడించి ఆ ఖర్చు తప్పించాడని చెబుతారు. 1967లో ఆయన పోయాడు. ఆ పని చేసేవాళ్ళందరికీ ఆయన పేరు మిగిలింది.

అయితే మనవాళ్ళు ఫోలీకి ముందునుంచీ ఈ విద్య ఎరుగుదురు. 1885లో కడప సీమలో పుట్టిన సురభి నాటకసమాజం వారి మాయలు చూసినవాళ్ళు ఈనాటికీ వున్నారు. మా ఊళ్ళో ఆడే పద్యనాటకాలకు అంత హంగు లేకపోయినా, తెరవెనక వేలాడదీసిన ఇనుపరేకు వుండేది. దాన్ని పట్టుకొని ఊపితే పిడుగు. చేటలో శనగలు దొర్లిస్తే వాన. చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం ఆడుతూ వుంటే నేను కాటిసీను చూడకుండా, తెరపక్కకు చేరి ఆ రేకు ఊపేవాణ్ణే చూస్తూ కూర్చున్నాను. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక, రేడియో నాటకాలు ఈ విద్యను ఇంటింటికీ తెచ్చాయి. కళ్ళకు ఏమీ చూపకుండా, తలుపు కిర్రుతో, చెంబు చప్పుడుతో ఒక ఇల్లంతా కట్టి చూపించేవారు. ఇక నేరెళ్ళ వేణుమాధవ్‌గారి సంగతి వేరే చెప్పాలా? చేటలూ రేకులూ ఏమీ లేకుండా ఒక్క గొంతుతో ఇంగ్లీషు చిత్రాల్లోని గుర్రాలనూ, తుపాకులనూ దించేవారాయన. ఆ లెక్కన మేమంతా పనిముట్లు లేనిదే బతకలేని వాళ్ళం.

నాకు అసలు పాఠం మాత్రం కారెంపూడిలో దొరికింది. కార్తిక అమావాస్యనుంచి అయిదురోజులు అక్కడ వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. మాచర్ల బ్రహ్మనాయుడూ, గురజాల నాగమ్మా, వాళ్ళ కోళ్ళూ, నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధమూ అక్కడివాళ్ళకు నిన్న మొన్నటి సంగతులు. ఆ కథ పాడే వీరవిద్యావంతుల వెంట పంబ మోగుతుంది. ఆ పంబమీదనే గుర్రం పరుగెత్తుతుంది, ఆ పంబమీదనే బాలచంద్రుడు నేలకొరుగుతాడు. జీన్ రోఘేర్ అనే అమెరికా పండితుడు ఒక పల్నాటి గాయకుడు పాడిన కథను టేపుమీద ఎక్కించుకొని, 1982లో ఇంగ్లీషున పుస్తకం వేయించాడు. పుస్తకంలో మాటలన్నీ వున్నాయి. పంబ చప్పుడు పుస్తకంలోకి ఎట్లా వస్తుంది?

ఇదే కథను ‘పల్నాటి యుద్ధం’ పేర రెండుసార్లు సినిమా తీశారు. 1947 నాటిదాన్ని గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టి, మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తిచేశారు. 1966లో రామారావుగారు బ్రహ్మనాయుడుగా, భానుమతిగారు నాగమ్మగా రెండోది వచ్చింది. మా నాన్న రెండోదాన్ని నరసరావుపేటలో చూశాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. ఎట్లా వుందని చిన్నప్పుడు అడిగితే, “అంతా బాగానే వుందిరా, నాగులేటి మట్టిమీద గుర్రం నడిస్తే అట్లా టకటకలాడదు” అన్నాడు. ఈ వృత్తిలో నాకు ఎదురైన మొదటి విమర్శ అది. అప్పటికి నేనింకా వృత్తిలో చేరనేలేదు.

ఆ మాట నిజమే. గుర్రానికి కొబ్బరిచిప్పలు కొట్టడం లోకమంతా తెలిసిన ఉపాయం. రాతి వీధికయితే ఉత్త చిప్పలు సరిపోతాయి. మట్టినేలకయితే చిప్పల్లో గుడ్డలు కుక్కి, మట్టి నింపిన పళ్ళెంలో కొట్టాలి. మా గదిలో ఇటువంటి సామానే వుంటుంది. పాత గొడుగు తెరిచి మూస్తే పక్షిరెక్కలు. బిస్కెట్టు పొట్లాం కాగితం మెల్లగా నలిపితే మంట. ఎముక విరగాలంటే లేత ములక్కాడ. నేలమీద గళ్ళు కట్టి, ఒక గడిలో ఇసక, ఒక గడిలో కంకర, ఒకదానిలో చెక్క, ఒకదానిలో గచ్చు వుంచుతాం. బరువైన మనిషి నడక తేలిక. తేలికైన మనిషి నడకే కష్టం. డెబ్భై అయిదు కిలోలవాణ్ణి, నలభై అయిదు కిలోల ఆడమనిషిగా నడవాలంటే ఎత్తు పీటమీద కూర్చొని, బరువంతా పీటకు ఒప్పగించి, పాదాలు మాత్రం నేలమీద ఆడించాలి.

నాకు బాగా తెలిసిన ఒక రహస్యం చెబుతాను. నిజం చాలాసార్లు మైకుకు ఆనదు. నిజమైన వానను రికార్డు చేస్తే పొయ్యిమీద నూనె మరుగుతున్నట్టు వుంటుంది. అందుకని అబద్ధపు వాన కురిపిస్తాం. “అబద్ధాలు చెప్పి బతుకుతున్నావన్నమాట” అన్నాడు మా నాన్న, నేనీ మాట గొప్పగా చెప్పినప్పుడు.

ఇక అసలు సంగతి. కొన్నాళ్ళ కిందట ఒక సినిమా నా దగ్గరకు వచ్చింది. పేరు అనవసరం. పల్నాటి పల్లెలో తీసిన కథ. అందులో ఒక రాత్రి, చాలాకాలానికి ఇంటికి వచ్చిన కొడుకు తలుపు తడతాడు. ఇంటిల్లిపాదీ నిద్రలో వుంటారు. ముసలితల్లి లేచి, వాకిట్లో పరిచిన బండలమీదుగా నడిచి వచ్చి తలుపు తీస్తుంది. మాటలు లేవు. ఒక నిమిషం సేపు ఆమె నడకే. దర్శకుడు కుర్రవాడు, “సార్, ఈ సీనులో సంగీతం వుండదు, మీ అడుగులే” అన్నాడు. ముప్ఫై యేళ్ళ సర్వీసులో ఒక దర్శకుడు నాకు అటువంటి మాట ఇవ్వడం అదే మొదలు.

మెట్టెలు కావాలి. మా ఆవిడ మెట్టెలు అడిగాను. ఆమె చూసిన చూపుకు నేను మళ్ళీ అడగలేదు. భర్త బతికి వుండగా మెట్టెలు తీసిమ్మంటే ఏ ఇల్లాలు ఇస్తుంది? బజారులో కొత్త జత కొని, నా వేళ్ళకు పట్టేటట్టు సాగదీయించుకున్నాను. అంగడివాడు “ఎవరికండీ?” అని అడిగాడు. చెప్పలేదు.

మెట్టెలు దొరికాయి గాని నేల దొరకలేదు. మా పల్నాటి నాపరాయి చప్పుడు వేరు. పాలిష్ పట్టిన గ్రానైటుమీద మెట్టె ఖణేలుమంటుంది. నాపబండమీద కాస్త మెత్తగా, మందంగా, దగ్గరగా వినిపిస్తుంది. హైదరాబాదులో ఎక్కడో తెచ్చి వేసిన బండమీద నడిచి చూశాను. నచ్చలేదు. నా చెవిలో ఒక చప్పుడు వుండిపోయింది. మా ఇంటి వాకిట్లో వసారానుంచి నీళ్ళతొట్టిదాకా బండలు పరిచివున్నాయి. సున్నమూ సిమెంటూ లేకుండా గరుసుమీద పరిచినవి. వాటిలో నాలుగోది కదులుతుంది. కాలు పెడితే ‘టక్కు’మంటుంది. చిన్నతనంలో తెల్లవారుజామున నిద్రలో ఆ టక్కు వినిపిస్తే, అమ్మ లేచింది, ఇక కాసేపట్లో కాఫీ అని తెలిసేది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ టక్కు నాకు ఈ సినిమాలో కావాలి.

ఒక ఆదివారం కారు వేసుకొని ఊరు వెళ్ళాను. నాన్న పొద్దున్నే రచ్చబండ దగ్గరకు వెళ్ళిన సమయం చూసి, అన్నయ్యను అడిగి నాలుగో బండా, అయిదో బండా గడ్డపారతో లేపి కారులో వేసుకున్నాను. ఒక్కొక్కటి నలభై కిలోలకు తక్కువ వుండదు. కింది గరుసు కూడా ఒక బస్తాడు ఎత్తాను. అన్నయ్య మర్నాడే ఆ చోట సిమెంటు పోయించాడు. చూడ్డానికి శుభ్రంగా వుంది.

గదికి తెచ్చి గచ్చుమీద వేసి నడిస్తే బండ మూగదయిపోయింది. తరువాత తెలిసింది, బండకు గొంతు దాని కింద వుంటుందని. చెక్కపెట్టె చేయించి, అందులో గరుసు పోసి, పైన బండలు పరిచి, ఒక మూల కింద మట్టి తీసేశాను. అప్పుడు పలికింది టక్కుమని. మూడురోజులు ఆ ఒక్క సీనే నడిచాను. దర్శకుడు విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకూ గర్వంగానే వుంది.

నాలుగోరోజున అన్నయ్య ఫోను చేశాడు. నాన్న పడ్డాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాన్నకు తొమ్మిదేళ్ళుగా చూపు లేదు. నీటికాసులు. మొదట ఒక కన్ను, తరువాత రెండోది. కాని వాకిట్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరుగుతాడు. ఎట్లా తిరుగుతాడో మాలో ఎవరమూ ఎన్నడూ అడగలేదు. వసారా దిగి, నడిచి, నాలుగో బండ టక్కుమనగానే కుడిచేతివైపు తిరుగుతాడట. తిరిగితే తొట్టి. తిరక్కపోతే తులసికోట గట్టు. కాలికింద టక్కు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ తిన్నగా నడిచి, గట్టు తగిలి పడ్డాడు. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఆరువారాలు కట్టు.

తప్పు అన్నయ్యదీ కాదు, సిమెంటుదీ కాదు. చప్పుళ్ళమీద బతికేవాణ్ణి నేను. చప్పుడు చూసి నడిచే మనిషి నా ఇంట్లోనే వున్నాడని నాకు తట్టలేదు. ఆ తరువాత కొన్నాళ్ళు ములక్కాడ చేతిలోకి తీసుకోలేకపోయాను, అసిస్టెంటు చేత చేయించాను.

ఊరు వెళ్ళి మంచం పక్కన కూర్చొని చెప్పాను. నాన్న తిట్టలేదు. “నన్ను అడిగితే ఇవ్వనన్నానట్రా?” అన్నాడు. కాసేపాగి, “ఏదీ, దానిమీద ఏం చేశావో వినిపించు” అన్నాడు. ఫోనులో వున్న సీను, చెవులకు హెడ్‌ఫోను పెట్టి వినిపించాను. ఆయన నా పని వినడం అదే మొదటిసారి. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు.

“నడక బాగుంది. మెట్టె బాగుంది. ఇది రాత్రి గదూ?”

“అవును నాన్నా. అర్ధరాత్రి.”

“మరి ఆ బండమీద కాలెందుకు వేసింది?”

నాకు అర్థం కాలేదు.

“మీ అమ్మ రాత్రిపూట నాలుగో బండ ఎప్పుడూ తొక్కదు. పిల్లలు లేస్తారని దాన్ని దాటి అడుగేసేది. మీరు చిన్నప్పుడు అలవాటయింది, మీరు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక కూడా పోలేదు. నేను మేలుకొని వింటూనే వుండేవాణ్ణి.”

“మరి తెల్లవారుజామున టక్కుమనేది...”

“అది నేను రా. పొలానికి పోతూ.”

నలభై యేళ్ళుగా అమ్మదనుకున్న చప్పుడు నాన్నది. నేనేమీ మాట్లాడలేకపోయాను. వదిన కాఫీ తెచ్చి ఇచ్చింది, తాగాను.

హైదరాబాదు తిరిగి వచ్చి సీను మళ్ళీ చేశాను. మూడడుగులు మామూలుగా. తరువాత ఒక అడుగు కాస్త ఆలస్యంగా, మడమ ఎత్తి, బండ దాటి, మునివేళ్ళమీద. టక్కు లేదు. దర్శకుడు విని, “ఇంతకుముందుదే బాగుంది కదా సార్, ఇందులో ఏదో తప్పిపోయినట్టుంది” అన్నాడు. తప్పిపోలేదు నాయనా, ఆమె దాటింది అన్నాను. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు కదా, చూడు అన్నాను. ఇంకోసారి విని ఒప్పుకున్నాడు. తెరమీద ఆ తల్లి వేషం వేసినావిడ కాళ్ళు ఆ క్షణాన కనిపించవు, మొహమే కనిపిస్తుంది. అందువల్ల మా అబద్ధం చెల్లింది.

సినిమా విడుదలయింది. చెప్పిన మాట ఏమయిందని మీరు అడగబోతున్నారు. ఆఖరిరోజుల్లో ఎవరో సీను మరీ బోసిగా వుందన్నారట. వయొలిన్లు వేశారు. నా నిమిషంలో మిగిలినది రెండు అడుగులు, తలుపు గడియ. ఈ వృత్తిలో ఇది మామూలే. పెళ్ళిలో వంటవాడికి ఆకుమీద మిగిలిన పదార్థాలు కనిపిస్తే ఎట్లా వుంటుందో మాకూ అట్లాగే వుంటుంది, మళ్ళీ మర్నాడు పొయ్యి వెలిగిస్తాడు.

బండలు తిరిగి తీసుకువెళ్ళడానికి నాన్న కట్టు విప్పేదాకా ఆగలేదు. అన్నయ్యా నేనూ సిమెంటు పగలగొట్టాం. గరుసు పరిచి నాలుగో బండ వేశాం. నాన్న వసారామీద కుర్చీలో కూర్చొని, “తొక్కు” అన్నాడు. తొక్కాను. కదలలేదు. “అది చచ్చిపోయింది. లేపు” అన్నాడు. ఎడమ మూల కింద మట్టి తీశాను. ఈసారి మరీ గట్టిగా మోగింది. “అంత అరవదు అది.” మళ్ళీ లేపాం. నా గదిలో అంత ఓపికగా నన్ను దిద్దిన దర్శకుడు ఎవరూ లేరు. చిన్న గులకరాయి ఒకటి పెట్టి చూశాను, తీసి చూశాను, పిడికెడు గరుసు మళ్ళీ పోశాను. వదిన వంటింట్లోనుంచి “భోజనాల వేళ దాటిపోతోంది” అని రెండుసార్లు కేకేసింది. అన్నయ్య చెమట తుడుచుకుంటూ, “చాల్లే నాన్నా, బండ బండే కదా” అన్నాడు.

ఆరోసారో, ఏడోసారో, టక్కుమంది.

నాన్న జవాబు చెప్పలేదు. కుర్చీలోనుంచి లేచాడు. కట్టున్న చెయ్యి గుండెకు ఆనించుకొని వసారా దిగాడు. నేను చెయ్యి అందించబోతే అన్నయ్య నా భుజం పట్టుకొని ఆపాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానిమీద కాలు పెట్టి, చప్పుడయ్యాక క్షణం ఆగి, కుడిచేతివైపు తిరిగి తొట్టి దగ్గరకు వెళ్ళి, చెంబుకోసం వెతుక్కొని, ముఖాన నీళ్ళు చల్లుకున్నాడు.